దగ్గే జింకల మందు

ఆ చలికాలం ఒరావా కొండ మీద జింకలు ముసలాళ్ళలా దగ్గుతున్నాయి. వాటి పెంటికలు పరీక్షించిన పశువైద్యుడు షిమ్కో, ఊపిరితిత్తుల్లో పురుగులున్నాయని తేల్చాడు. మందు కలిపిన యాపిల్ పిప్పి తొట్లలో పోయాలి, అది తినేదాకా మరే మేతా పెట్టకూడదు. జబ్బు తగ్గకపోతే మంద మొత్తాన్నీ కాల్చేయాలని వేటగాళ్ళ సంఘం తీర్మానించింది.

ఆ అడవికి కాపలాదారు హెడ్విగా. ఆ జింకల్ని కూనలుగా ఉన్నప్పటి నుంచీ ఎరుగును. తీర్మానం విన్నాక ఆమెకు కంటిమీద కునుకు లేదు.

తీరా మందు పెడితే అవి తొట్ల వైపు కన్నెత్తి చూడలేదు. వాసన పసిగట్టాయేమో అన్నాడు షిమ్కో. హెడ్విగాకు నమ్మబుద్ధి కాలేదు. అడవంతా మంచు కప్పేసినా వాటి డొక్కలు నిండుగానే ఉన్నాయి. ఎవరో దొంగచాటుగా మేపుతున్నారు!

మర్నాడు పొద్దున్నే జింకల అడుగుజాడలు పట్టుకుని కొండ దిగింది. ఆ జాడలు తిన్నగా ఆమె పెరటి కంచె దాకానే వచ్చాయి. కొట్టం వెనక మొగుడు వెండెలీన్, చంకనిండా ఎండుగడ్డి. కంచె అవతల ఓ మగజింక కొత్తల్లుడిలా దర్జాగా నములుతోంది.

"ఏమయ్యా, ఎన్నాళ్ళ నుంచి ఈ సంతర్పణ?"

"కోప్పడకే. ఆకలితో అలా చూస్తుంటే నాకు ముద్ద దిగట్లేదు."

"నీ జాలి తగలెయ్య! ఇక్కడ కడుపు నిండితే అక్కడ మందెందుకు ముడతాయి? మందు తినకపోతే కాల్చేస్తారని చెప్పానా లేదా?"

"చెప్పావు... అదీ తింటాయిలే, ఇది పైన చిరుతిండి అనుకున్నా."

 వెండెలీన్ గడ్డి లోపల పడేసి, కొట్టానికి తాళం వేసి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

"కాళ్ళు పట్టుకున్నా ఇవ్వకు," అన్నాడు.

ఆ తర్వాత తొట్లు నాకినట్టు ఖాళీ అయ్యాయి. మంచు కరిగే వేళకు షిమ్కో మళ్ళీ పరీక్షించి ఫోన్ చేశాడు.

"అక్కా, పురుగుల జాడ లేదు! సంఘం వాళ్ళు తుపాకులు లోపల పెట్టేశారు."

హెడ్విగా ఊపిరి పీల్చుకుంది గానీ, చెవులారా వింటే తప్ప మనసు ఊరుకోలేదు. ఆ సాయంత్రం మొగుణ్ణి వెంటబెట్టుకెళ్ళి పొదచాటున కూర్చుంది. జింకలన్నీ నింపాదిగా మేస్తున్నాయి. ఒక్క దగ్గూ లేదు.

ఉన్నట్టుండి ఖళ్ళుమని దగ్గు వినబడింది. ఆమె ఉలిక్కిపడి ఏ జింకా అని కళ్ళతో వెతికింది.

"నేనేనే," అన్నాడు వెండెలీన్, మఫ్లర్‌లో మూతి దాచుకుంటూ.

ఆమెకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే ఏడ్చింది. ఇన్నాళ్ళ భయమంతా కళ్ళలోంచి కారిపోతుంటే అతని వీపు మీద రెండు దెబ్బలు వేసింది.

"దగ్గవయ్యా, కడుపునిండా దగ్గు. నిన్నెవరూ కాల్చరులే!"