చదివి వినిపించని కాగితం

నేను ఒక తెలుగు టైపు మిషన్ని. చంద్రమ్మ అనే నేతగత్తె ఇంటికి పరాయి తాళం పడిన రోజునే, ఆ తాళం వేయించిన కాగితం కొట్టింది నేనేనని నాకు తెలిసింది.

ఏదో కార్ఖానాలో పుట్టి, కొన్నాళ్లు ఒక బడి గుమాస్తా చేతిలో నలిగి, చివరికి చీరాల కోర్టు వీధిలో ప్లీడరు విశ్వపతి గారి బల్ల మీదికి చేరాను. గుమాస్తా ‘సెలవు కావాలి’ అని కొడితే సెలవు దొరికేది. విశ్వపతి గారికి అలా కుదరదు. ఇల్లు ఆయనకు ‘స్థావరాస్తి’. చచ్చినవాడు ‘కాలధర్మం చెందినవాడు’. మాట ఎంత బరువైతే కక్షిదారు అంతగా వంగి దణ్ణం పెట్టేవాడు.

చంద్రమ్మకు పిల్లల్లేరు. మరిది కొడుకు శేషగిరిని వెంటబెట్టుకుని వచ్చింది.

“నా తర్వాత ఇల్లు వీడిది బాబూ. నా ఊపిరున్నన్నాళ్లూ ఇల్లు నాది, మగ్గం నాది. అంతే రాయండి.”

“అది వంటింటి మాట చంద్రమ్మా! అలా రాస్తే జడ్జి నవ్వుతాడు.”

పాత నమూనా తీసి ఆయన చెబుతూ పోయారు, నేను టకటకలాడాను. ‘దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో, నేటి నుండి, పుత్ర పౌత్ర పారంపర్యముగా...’ చివర ‘చదివి వినిపించగా విని సమ్మతించి’ అని కూడా పడింది. ఎవరూ చదవలేదు, ఎవరూ వినలేదు. ఆ వీధిలో ఆ ముక్క కొట్టడమే చదవడం.

చంద్రమ్మ కాగితాన్ని కళ్లకద్దుకుంది.

“ఒక్క ముక్కా తెలీలేదురా గిరీ. గట్టి కాగితమే!”

ఆఫీసులో రిజిస్ట్రారు “చదివించుకున్నావా?” అంటే తలూపి వేలిముద్ర వేసిందట. శేషగిరి మాత్రం తెలిసినవాడి చేత చదివించుకున్నాడట; ఇల్లు ఆ రోజు నుంచే తనదని, అమ్ముకోవచ్చని తెలిసింది. నెల తిరక్కుండా ఇల్లు అమ్మేశాడు.

కొన్నవాళ్లు మగ్గం గుంట పూడ్చి తాళం వేసిన రోజు ఆమె మా గదికి వచ్చింది. చీర అంచుకు ఆ మట్టి ఇంకా తడిగానే ఉంది.

“నేను చెప్పిన మాట ఇందులో ఏదయ్యా? వేలు పెట్టి చూపించు.”

విశ్వపతి గారు మూడు పేజీలూ తిప్పారు. నా అక్షరాలు నల్లగా, ముచ్చటగా ఉన్నాయి. ఆ మాట మాత్రం లేదు. కళ్లజోడు తీసి నా మీద పెట్టారు. ఇప్పుడు నేను పాత ఇనప సామాన్ల కొట్టులో తుప్పు పట్టి పడి ఉన్నా, అప్పటి ఆయన గొంతు నన్ను వదల్లేదు.

“లేదమ్మా. మరిచిపోయి కాదు. మీరు చెప్పింది నాకప్పుడే అర్థమైంది. అలాగే రాస్తే, ఈ మాత్రం దానికి ప్లీడరెందుకని మీరే అంటారని భయపడ్డాను. మీ మాటకు సరిపడే పెద్ద మాటల కోసం వెతికాను. నమూనాలో దొరకలేదు. మీకెలాగూ తెలియదు కదా అని వదిలేశాను.”