గిన్నెలో మిగిలిన అన్నం

అయినా ఆకలిని చూసి దుఃఖం అనుకున్నది వాళ్ల తప్పు, తనది కాదు. శెనగపిండిలో వాము నలుపుతూ స్వరూప మళ్లీ అక్కడికే వచ్చింది. కాసేపట్లో టీవీలో అవార్డుల ఫంక్షన్ వేస్తారు. సినిమాల్లో, సీరియళ్లలో నటించినవాళ్లకు ఏటా ఇచ్చేదే. ఈసారి ఉత్తమ సహాయ నటి అని తన పేరు పిలిచారు. పోయిన నెల హైదరాబాదులో స్టేజీ మీద అందుకున్నదాన్ని ఇవాళ భూపాలపల్లి గని క్వార్టర్లలో, తన ఇంటి ముందుగదిలో, జనం కూర్చుని చూడబోతున్నారు. చూస్తూ తినడానికి వాళ్లకు మిర్చి బజ్జీలు కావాలి. అవి వేయాల్సింది కూడా అవార్డు వచ్చిన మనిషే.

"స్వరూపా, అమర్ చాయ్‌ల శెక్కరెయ్యకు, షుగరున్నది," ముందుగదిలోంచి భర్త వెంకట్రాం గొంతు. తనకు షుగరున్న సంగతి పక్క క్వార్టరు అమర్‌ కూడా అంత గట్టిగా చెప్పడు.

సినిమావాళ్లు ఇక్కడికి వచ్చింది నిరుడు. గనిలో భర్త చనిపోయిన ఆడమనిషి పాత్రకు ఇక్కడి మొహమే కావాలని వెతుకుతూ, నల్లా దగ్గర బిందె ఎత్తుకుంటున్న స్వరూపను ఆపారు. వెంకట్రాం మొదట నవ్వాడు. వాళ్లు తనను సార్ అని పిలిచాక ఒప్పుకున్నాడు. ఫోన్ నంబరు తనదే ఇచ్చాడు. షూటింగ్ చూడటానికి వచ్చిన అత్త మాత్రం, కోడలు కెమెరా ముందు బొట్టు తుడుచుకోగానే అక్కడే కూలబడింది. "నా కొడుకు బతికుండంగనే బొట్టు తుడుసుకున్నదమ్మా ఇది. గీ పైసలు మాకెందుకు?" అని అందరికీ వినిపించేట్టు అన్నది. ఆ సాయంత్రమే ముత్తయిదువలను పిలిచి బొట్టు పెట్టించింది, కొత్త గాజులు తొడిగించింది, భర్త కాళ్లకు మొక్కించింది. అప్పటినుంచి వెంకట్రాంకు దగ్గు వచ్చినా, బండి పంక్చరైనా ఆ సినిమా వల్లనే.

భర్త గనిలో పోయాడని తెలిసే సీనులో ఏడవమన్నారు. ఏడుపు రాలేదు. అప్పుడు గోరీ గుర్తొచ్చింది. వెనక లైనులో ఉంటుంది, భర్త రాంజీ డ్యూటీ దిగి వస్తూ రోడ్డు మీద యాక్సిడెంటై పోయాడు. అతని టిఫిన్ గిన్నెను ఎవరో తెచ్చి ఇచ్చారట. "సగం బువ్వ గట్లనే ఉండె అక్కా. తిన్న. తిన్నంకనే ఏడ్సిన. ఎవలతోని అనకు," అని ఒకసారి చెప్పింది. ఆ రాత్రే వెళ్లి, అది సినిమాలో చెయ్యనా అని అడిగితే, "చెయ్యి, నా పేరు చెప్పకు," అన్నది.

మర్నాడు కెమెరా ముందు టిఫిన్ గిన్నె మూత తీసి తిన్నది. మొదటి ముద్ద గోరీదే. రెండో ముద్ద నుంచి స్వరూపది. వెంకట్రాం లేడు, అనుకుంది. ఇక రాడు. ఆ మాటకు గుండె బరువెక్కాలి. ఆకలేసింది. పిలిచేవాళ్లు లేని, మధ్యలో లేచి నీళ్లు అందించక్కర్లేని అన్నం ఎట్లా ఉంటుందో పెళ్లయ్యాక ఆమెకు అప్పుడే తెలిసింది. చల్లబడి బిరుసెక్కిన మెతుకులు. గిన్నె అడుగు వేలితో తుడిచి తిన్నది. కట్ చెప్పాక కెమెరా అతను కళ్లు ఒత్తుకున్నాడు. ఎంత దుఃఖమమ్మా అన్నారు. అందరూ మోసపోయారు, ఒక్కడు తప్ప. హన్మకొండ థియేటర్లో ఆ సీను వస్తుంటే వెంకట్రాం తెర వదిలి ఆమెనే చూశాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అడిగాడు. "మొగడు సచ్చినంక గట్ల తింటరా ఎవలన్న?"

"యాక్టింగే గదా."

"యాక్టింగేనా?"

తిట్టలేదు, కొట్టలేదు. కానీ ఆనాటినుంచి ఆమె కంచం ముందు కూర్చోగానే అతనికి ఏదో ఒకటి గుర్తొస్తుంది. తువ్వాల, మందుబిళ్ల, ఫోన్ చార్జరు.

అవార్డు రోజున స్టేజీ ఎక్కుతూ, వెనక పెద్ద తెర మీద ఆ గిన్నె కనిపిస్తుందని చూసింది. కానీ తెర మీద ఆమె సినిమా భర్తకు వంగి అన్నం వడ్డిస్తోంది, అతను తింటుంటే చూసి మురుస్తోంది. చప్పట్లు. యాంకరమ్మ వెంకట్రాంను కూడా పైకి పిలిచి మైకు అతనికే ఇచ్చింది. కిందికి దిగాక సినిమా మేనేజరు మెల్లగా అన్నాడు, "గా గిన్నె సీను వద్దని మీ సారే ఫోన్ చేసిండమ్మా." ఇన్నాళ్లుగా ఆ మాటను ఆమె మింగలేదు, ఉమ్మలేదు.

"వచ్చింది వచ్చింది," ముందుగదిలో అరుపులు. స్వరూప జల్లిగరిటెతో గుమ్మం దగ్గరికి వచ్చింది. టీవీలో వడ్డన అయిపోయింది, వెంకట్రాం మైకులో మాట్లాడుతున్నాడు. ఇంటి ఆడవాళ్లను మనమే ముందుకు తేవాలని.

"అన్నా, హీరో లెక్కున్నవు," అన్నాడు అమర్.

"నా కొడుకు సాగనిచ్చిండు గాబట్టే," అన్నది అత్త.

వాకిలి పక్కన గోడకు ఆనుకుని కూర్చున్న గోరీ ఎవరి మొహమూ చూడకుండా అడిగింది. "గిన్నె సీను రాలేదక్కా?"

ఆ సీను టీవీలో వస్తుందనే వచ్చినట్టు ఆమె గొంతులో తెలుస్తోంది. నలుగురి మధ్య, ఎవరికీ చెప్పకుండా, తన ముద్ద తాను చూసుకోవాలని.

"టైం సాలదు గదా, కోసేస్తరు టీవోళ్లు," అన్నాడు వెంకట్రాం. "స్వరూపా, బజ్జీలు మాడుతున్నట్టున్నయ్ సూడు."

స్వరూప లోపలికి వెళ్లి పొయ్యి ఆపేసింది. చేతులు కడుక్కుని వచ్చి, అతని ఒళ్లో ఉన్న రిమోట్ తీసుకుంది.

"కోసింది టీవోళ్లు గాదు," అన్నది.

అమర్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. అత్త, "ఏందే?" అన్నది.

ఆ సినిమా టీవీలోని ఏ యాప్‌లో ఉంటుందో, ఆ సీను ఎంత దూరం జరిపితే వస్తుందో, అతను డ్యూటీకి పోయిన మధ్యాహ్నాలు ఆమెకు నేర్పాయి. వెతకలేదు. తెర మీద గిన్నె మూత తీసిన చెయ్యి కనిపించింది.

"బంద్ చెయ్యి," అన్నాడు వెంకట్రాం, ఎవరికీ వినపడకూడదన్నట్టు. "నీ మొహం సూస్తరు అందరు."

"సూడనియ్యి."

ఆ సీనులో మాటలు లేవు. ఒక మనిషి నములుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. స్వరూప గోరీ పక్కన నేల మీద కూర్చుని, సౌండు పెంచింది.