కాలికి తగిలిన మ్యాగజైన్

బిషాన్‌లో రైలెక్కినప్పటి నుంచి కావ్యశ్రీ కూర్చోలేదు. ఆదివారం ఉదయం కావడంతో పెట్టె సగం ఖాళీగానే ఉంది; అయినా తలుపు పక్కన కమ్మీ పట్టుకుని నిలబడింది. స్టేషన్‌కూ స్టేషన్‌కూ మధ్య ఆమె కుడిచెయ్యి తనంతట తాను నడుము దగ్గరికి పోయి, అక్కడ లేని పిస్టల్‌ను అందుకుని, తిరిగి వచ్చేస్తోంది. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ ఆ చేతినే చూస్తోందని గమనించి, దాన్ని సంచీ పట్టీలో ఇరికించుకుంది.

ఆ సాయంత్రానికి షూటింగ్ క్లబ్బు జట్టులో నాలుగో స్థానం ఎవరిదో తేలిపోతుంది. జనవరిలో మనీలాలో జరిగే పోటీకి నలుగురిని పంపుతారు. ముగ్గురి పేర్లు ఖాయమయ్యాయి. నాలుగో పేరుకు పోటీ పడుతున్నది ఇద్దరే: కావ్యశ్రీ, ఆమెతో ఒకే ఆఫీసులో పనిచేసే కౌశల్.

అది 1999 నవంబరు. జురాంగ్ ఈస్ట్‌లోని వాళ్ళ ఆఫీసులో అందరి పనీ ఒక్కటే: సంవత్సరాన్ని రెండంకెలతో రాసిన పాత ప్రోగ్రాములను వెదికి పట్టుకుని నాలుగంకెలకు మార్చడం. డిసెంబరు ముప్పై ఒకటితో ఆమె కాంట్రాక్టు ముగుస్తుంది. ఆపైన ఏ దేశమో, ఏ కంపెనీయో ఏజెంటు చెప్పాలి. భీమవరం నుంచి చెన్నైకి, చెన్నై నుంచి సముద్రం దాటి ఈ దేశానికి ఆమెను ఎవరో ఒకరు పంపుతూనే వచ్చారు. మనీలాకు మాత్రం ఎవరో పంపగా కాక, తన చేత్తో సంపాదించుకున్న అర్హతతో వెళ్ళాలని ఆమె కోరిక. పది రోజులుగా కంటిమీద కునుకు లేకపోవడానికి కారణం అదే.

నిలబడి ఒకే బొమ్మను గురిచూసి కొట్టే ఆట కాదిది. బీప్ వినపడగానే పరుగెత్తాలి. గోడల చాటు నుంచీ కిటికీల్లోంచీ అట్ట బొమ్మలను కొట్టాలి. ఆ పరుగులోనే తూటాలు మార్చుకోవాలి. వచ్చిన పాయింట్లను పట్టిన సెకన్లతో భాగిస్తారు. ఆ భాగహారమే అన్నిటికీ మూలం. సెకనులో పదోవంతు మిగిల్చే వస్తువును ఏదో ఒక దేశంలో ఎవరో ఒకరు తయారు చేస్తూనే ఉంటారు. దాన్ని ఒకడు కొన్న క్షణం నుంచే పక్కవాడి చేతిలోనిది పాతబడిపోతుంది. అందుకే క్లబ్బు బల్లల దగ్గర కబుర్లన్నీ స్ప్రింగుల గురించీ ట్రిగ్గర్ల గురించీ నడుస్తాయి. ఎవరి చెయ్యి ఎలా ఉందని ఎవరూ అడగరు.

కావ్యశ్రీ మొదటి ఎనిమిది నెలలూ క్లబ్బు వాళ్ళ అద్దె పిస్టల్‌తోనే ఆడింది. దాన్ని మాన్పించినవాడు కౌశల్.

“ఇంకెన్ని రోజులు గా ఇనుపముక్కతోని కొడ్తవ్ కావ్యా? నీ చెయ్యి ఫాస్టే. హార్డ్‌వేరే స్లో. అప్‌గ్రేడ్ చెయ్యి.”

“నువ్వు మూడుసార్లు అప్‌గ్రేడ్ చేశావుగా. ఏమైంది?”

“నాకు సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం. నీకు లేదు గద.”

అతని మాటలో కపటం లేదు. తను నమ్మినదే చెప్పాడు. క్లబ్బు వదిలి వెళ్ళిపోతున్న ఒక సభ్యుడి దగ్గర ఆమె ఏ హంగులైనా బిగించుకోనిచ్చే ఓపెన్ తరగతి పిస్టల్ ఒకటి కొంది. ఆరు నెలల మిగులు దానికే పోయింది. కొన్నాక తెలిసింది, పిస్టల్ కొంటే సరిపోదని. దానిలో తూటాలు నింపే పొడవాటి డబ్బా, అంటే మ్యాగజైన్, ఒక్కొక్కటీ బిషాన్‌లో ఆమె గదికి నెల అద్దెంత ఉంది. గట్టి ఆటగాళ్ళ దగ్గర అయిదేసి ఉంటాయి. ఆమె మూడింటితో ఆగింది.

ఫోనులో ఆ సంగతి విన్న తల్లి లక్ష్మీదేవి నివ్వెరపోయింది. “మూడు మ్యాగజైన్లకి అంతా? అక్కడ లైబ్రరీలు లేవుటే?”

“చదివే మ్యాగజైన్ కాదమ్మా. తూటాలు పెట్టుకునే డబ్బా.”

“అయితే మరీ జాగ్రత్త. కింద పడేసుకోకు.”

కింద పడేయడమే ఆటలో విధి. ఖాళీ అయినదాన్ని జారవిడిచి, దానివైపు చూడకుండా కొత్తది ఎక్కించాలి. అయితే సిమెంటు నేల తగిలి అంచు వంగితే తూటాలు ఇరుక్కుంటాయి. అద్దె మ్యాగజైన్లను తొక్కుకుంటూ పరుగెత్తిన కావ్యశ్రీ, సొంతవి వచ్చాక సాధన చేసేటప్పుడు నేలమీద తువ్వాలు పరవడం మొదలుపెట్టింది.

రామదాసు అది చూశాడు. క్లబ్బులో తుపాకులు బాగుచేసేదీ, పోటీల్లో ఆటగాడి వెనకే ఉండి నియమాలు చూసే రేంజ్ ఆఫీసరుగా నిలబడేదీ ఆయనే. తాతల నాడు సిక్కోలు తీరం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. ఇంట్లో తెలుగు నిలబెట్టుకున్నారు; మాట చివర ఇక్కడివాళ్ళ ‘లా’ మాత్రం వచ్చి చేరింది.

“ఏటిది పాపా? మ్యాగజైనుకి పక్కేసినావా?”

“వంగిపోతుందని, అంకుల్.”

“వంగనీ లా. వంగితే నాను సరిజేస్తాను. పోటీ నాడు నీకు పక్క ఎవులేస్తారు?”

ఆమె నవ్వింది. తువ్వాలు మాత్రం తియ్యలేదు.

ఆ ఆదివారం ఎంపిక పోటీలో నాలుగు అంచెలు ముగిసేసరికి కావ్యశ్రీ కౌశల్ కంటే కొద్ది తేడాతో ముందుంది. అయిదోది చివరిది. రామదాసు టైమరు పట్టుకుని ఆమె భుజం వెనక నిలబడ్డాడు.

“ఆర్ యూ రెడీ?” ఆమె తలాడించింది. “స్టాండ్ బై.”

బీప్ మోగింది. ఎడమ గోడ పక్క నుంచి మూడు బొమ్మలు, ఒక్కొక్కదానికి రెండు దెబ్బలు. చెయ్యి ఇంత తేలిగ్గా ఎప్పుడూ ఆడలేదు. కిటికీ వైపు పరుగెత్తుతూ పాత మ్యాగజైన్‌ను వదిలి కొత్తది ఎక్కించింది. వదిలినది సిమెంటు మీద ఖణేలుమని పడి, ఎగిరి, ఆమె ఎడమ బూటు కొనకు తగిలి ముందుకు దొర్లింది.

పుస్తకానికి గాని, ధాన్యానికి గాని, మనిషికి గాని కాలు తగిలితే కుడిచేత్తో తాకి కళ్ళకద్దుకోవడం మూడేళ్ళ వయసులో నేర్పే అలవాటు. అది బుద్ధి దాకా వెళ్ళదు. కాలి నుంచి నేరుగా చేతికి పోతుంది. కావ్యశ్రీ వంగింది. కుడిచెయ్యి కిందికి దిగి, మ్యాగజైన్ దాకా పోయి, కళ్ళవైపు లేవబోయింది. ఆ చేతిలో నిండా తూటాలున్న పిస్టల్ ఉంది.

“స్టాప్.”

ఆమె కదలిక ఆగిపోయింది. వేలు ట్రిగ్గరుకు దూరంగానే ఉంది. రామదాసు చెప్పినట్టే గొట్టాన్ని మట్టిగట్టు వైపు తిప్పి, తూటాలు తీసి, ఖాళీ అని చూపించి, ఒరలో పెట్టింది.

మ్యాచ్ డైరెక్టరుగా ఉన్న పొడవాటి చైనీయుడు వచ్చి రామదాసును ఇంగ్లీషులో అడిగాడు.

“తూలిందా?”

“లేదు. కాలు తగిలింది, సారీ చెప్పింది.”

“ఎవరికి?”

“మ్యాగజైన్‌కి.”

డైరెక్టరు నేలమీది మ్యాగజైన్‌నూ రామదాసునూ మార్చి మార్చి చూశాడు. “తమాషాకా?”

“కాదు లా. మా వాళ్ళం అంతే.”

“సరే. గొట్టం ఆమె ఒంటి మీదికి తిరిగిందా? ఖాయంగా చూశావా?” తిరిగితే పోటీ నుంచి తొలగింపు, సందేహముంటే మళ్ళీ ఆడనిస్తారు. ఆ చోటు నుంచి చూడగలిగినవాడు రామదాసు ఒక్కడే.

రామదాసు ఒక్క నిమిషం అన్నట్టు చెయ్యెత్తాడు.

ఆ నిమిషంలో కౌశల్ ఆమెను పక్కకు లాక్కుపోయాడు. “పెద్దాయన ఆగిండు, చూసినవా? గన్ ముందుకే ఉండె అని చెప్పు. రీషూట్ ఇస్తరు.”

“నువ్వు చూశావా?”

“నేను పేలిన తూటాల ఖాళీ తొడుగులు ఏరుతున్న. ఎవ్వరు చూడలే. గదే చెప్తున్న.”

“నీ స్థానం పోతుంది కదా.”

“పోతే పోనీ. గిట్ల గెలిస్తే రేపు ఆఫీసుల నీ పక్క సీట్ల ఎట్ల కూసోవాలె?”

ఆమె రామదాసు దగ్గరికి నడిచింది. ఆయన డైరెక్టరుకు అర్థం కాకుండా తెలుగులో అడిగాడు.

“పాపా, గొట్టం మూతి ఎటున్నాది?”

“మీరు చూశారుగా, అంకుల్.”

“నాను సూసింది నాకెరికే. నువ్వు కాదంటే, నా కళ్ళజోడు మార్సాలని సెప్పేత్తాను. ఇరవై ఏళ్ళలో ఒకపాలి తప్పు సూడకూడదేటి?”

కావ్యశ్రీ నోరు తెరిచింది. ముందుకే ఉంది అన్న రెండు మాటలు నాలుక మీదే ఉన్నాయి. మనీలా కూడా అక్కడే ఉంది. కానీ ఆ పిస్టల్ మీద పాతకాలపు గురిముక్క లేదు. చిన్న గాజుబిళ్ళ ఉంది. గొట్టం ఎటు తిరిగితే అటు, ఆ గాజులో ఎర్రచుక్క పడుతుంది. ఆరు నెలల మిగులులో సగం ఆ చుక్కకే పోయింది. వంగినప్పుడు ఆమె దాన్ని చూసింది. బూటు తాడు ముడి మీద చుక్క నిలకడగా నిలిచింది. అద్దె పిస్టల్ అయితే ఆమెకు తెలిసేది కాదు. తెలియలేదని నిజాయితీగానే చెప్పగలిగేది.

“నా ఎడమ కాలి మీద, అంకుల్,” అంది. “చుక్క కనిపించింది.”

రామదాసు తల ఊపాడు. “సుదా,” అన్నాడు, అయిపోయిందని చెప్పే మలయ్ భాష మాటలో. కాగితం మీద సంతకం చేసి ఆమెకిచ్చాడు. ఆమె కూడా చేసింది. తొలగింపబడ్డవాళ్ళు ఆఫీసరుకు చెయ్యి కలిపి, చివరి ఆటగాడు ముగించేదాకా ఉండి పని చెయ్యాలన్నది క్లబ్బు ఆనవాయితీ. ఆమె చెయ్యి చాచింది. రామదాసు దాన్ని రెండు చేతులతో పట్టుకుని వదిలాడు.

“ఎల్లు, అట్టలు అతికించు. జనం నిలబడిపోనారు.”

తర్వాతివాడు కౌశలే. ఇప్పుడతను తప్పు చెయ్యకుండా ముగిస్తే చాలు. కావ్యశ్రీ అట్ట బొమ్మల రంధ్రాలు మూసే అంటుబిళ్ళల చుట్ట చేతిలో పెట్టుకుని తాడు వెనక నిలబడింది. ఒక్కో బిళ్ళనూ ఊడదీసి మళ్ళీ అతికిస్తోంది. బీప్ మోగింది. ఎప్పుడూ అడావిడిగా పరుగెత్తే కౌశల్ ఈసారి అడుగు చూసుకుంటూ నడిచాడు. ఆఖరి తూటా పేలి, పిస్టల్ ఒరలోకి వెళ్ళాక అందరూ బొమ్మల దగ్గరికి కదిలారు.

రామదాసు కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడుస్తున్నాడు. “నువ్వే సదివి సెప్పు పాపా. నాను రాస్తాను.”

ఆమె మొదటి బొమ్మ ముందు నిలబడింది. రెండు రంధ్రాలూ ఎక్కువ పాయింట్లుండే నడిమి గడిలోనే, ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. చెప్పింది, బొమ్మ వైపే తిరిగి.

“గట్టిగా సెప్పమ్మా.”

“రెండూ నడిమి గడే,” అంది. రామదాసు రాసుకున్నాక బిళ్ళలు అతికించి, రెండో బొమ్మ వైపు నడిచింది.