పదకొండో నంబరు రూము దావత్

ఈ యేడు దసరా, గాంధీ జయంతి ఒక్కనాడే వచ్చి మాంసం తినేవాళ్ల నోట్లో మట్టికొట్టాయి. పండుగపూట మటన్ దుకాణాలన్నీ బంద్. పండుగంటే ముక్క, ముక్క ఉంటేనే పండుగ అనుకునే మన దిక్కున ఇది చిన్న సంగతేం కాదు. తెలివిగలవాళ్లు ముందురోజే తెచ్చి ఫ్రిజ్జుల్లో దాచుకున్నారు. పదకొండో నంబరు రూము వాళ్లు మాత్రం తమ దావత్‌ను మర్నాటికి జరిపారు. అందుకే గంగుబాయి శుక్రవారం పొద్దున్నే కాగజ్‌నగర్‌లో రైలెక్కింది.

ఒళ్లో స్టీలు డబ్బా ఉంది. అందులో రాత్రి కూర్చుని రోట్లో నూరిన మసాలా. మూత గట్టిగా పెట్టినా రైలు పెట్టెంతా ఘుమఘుమలాడుతోంది. ఎదురు సీటు ముసలాయన రెండుసార్లు డబ్బా వైపు, ఒకసారి ఆమె వైపు చూశాడు. గంగుబాయి పట్టించుకోలేదు. ఆమె మనసు మందమర్రిలో ఉంది.

పది రోజుల కింద విజయేందర్ ఫోను చేశాడు.

"అవ్వా, నేను విజయేందర్‌ను. హాస్టల్ల పదకొండో నంబరు రూము. యాదికున్ననా?"

ఎందుకు యాదికుండడు? పప్పు పలచనైందని మిగతావాళ్లు లోపల్లోపల గొణుక్కుంటే, "గీ పప్పుల ఈత కొట్టచ్చా అవ్వా?" అని మొహంమీదే అడిగినవాడు.

"దసరా తెల్లారి మా దోస్తులందరం మందమర్రిల కలుస్తున్నం. నువ్వు తప్పకుంట రావాలె."

"ఎంతమంది?"

"ఆరుగురం. ఇండ్లోళ్లు, పిల్లలు కలిస్తే ఇరవై."

"మసాలా నేనే నూరుకొస్త. కట్టెల పొయ్యా, గ్యాసా?"

అవతల ఏదో మిషను చప్పుడు. అతనికి ఏం వినపడిందో ఏమో, "ఆఁ, గట్లనే అవ్వా" అని పెట్టేశాడు. వంటమనిషిని దావత్‌కు రమ్మంటే వండటానికే కదా. అరవై రెండేళ్ల బతుకులో చుట్టాలు తప్ప ఆమెను తినడానికి రమ్మన్నవాళ్లు లేరు. అదీగాక, వాళ్లు పిలవకపోయినా పదకొండో నంబరు రూము వాళ్లలో ఒకణ్ణి ఆమె కలవాల్సే ఉంది. వాడి పేరు ఇస్తారి.

పన్నెండేళ్ల కింద గంగుబాయి ఊరవతల ఒక ప్రైవేటు కాలేజీ హాస్టల్లో వంట చేసేది. దసరా సెలవులిచ్చారు. పిల్లలంతా ఊళ్లకు పోయారు. పోయారనే ఆమె అనుకుంది. పండుగ ముందురోజు వంటింటికి తాళం వేసి, మహారాష్ట్ర సరిహద్దులో భైంసా దగ్గరున్న తల్లిగారింటికి బయల్దేరింది. వరండా దాటుతుంటే పదకొండో నంబరు గది ముందు ఒక జత చెప్పులు కనిపించాయి. అరిగిపోయిన నీలం రబ్బరు చెప్పులు. తలుపు దగ్గరికి వేసి ఉంది. అక్కడ ఆగి, లోపల ఎవరైనా ఉన్నారా అని పిలిచింది. పలుకు రాలేదు. పాత చెప్పులు వదిలేసి పోయినట్టున్నారనుకుంది. బస్సు టైమైపోతోందని గబగబా మెట్లు దిగింది.

నాలుగో రోజు వాచ్‌మన్ వచ్చేసరికి ఇస్తారి నల్లా దగ్గర పడిపోయి ఉన్నాడు. జ్వరం, ఆకలి రెండూ కలిసి పిల్లాడిని పీల్చేశాయి. దవాఖానాలో రెండు గ్లూకోజు సీసాలు ఎక్కించాక గానీ కళ్లు తెరవలేదు. కాలేజీ యజమాని గంగుబాయిని పిలిపించాడు.

"పోరడు ఉన్నడో లేడో సూడకుంట తాళమేసి పోతవా?"

"పిలిచిన సార్. ఎవ్వలు పలుకలే."

ఆయన కుర్చీలో కూర్చున్న ఇస్తారి వైపు తిరిగాడు. "పిలిచిందా?"

"లేదు సార్" అన్నాడు ఇస్తారి, నేల చూస్తూ.

ఆ పూటకే ఆమె పని పోయింది. మరుసటి యేడు ఊళ్లోని కాగితం మిల్లు మూతపడి, అక్కడ కూలికి పోయే భర్త మొండయ్య కూడా ఇంట్లో కూర్చున్నాడు. పొయ్యిలో పిల్లి లేవని రోజుల్లో ఆయన ఒకటే మాట అనేవాడు. "పరాయి పోరన్ని ఆకలికి మాడ్పినవ్. గా ఉసురే మనకు తాకింది." ఆయన పోయి నాలుగేళ్లయింది. ఆ మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

పని పోవడం గంగుబాయికి పెద్ద లెక్కలోది కాదు. చేతిలో రుచి ఉన్నదానికి పెళ్లివంటలు దొరక్కపోవు. ఆమెను తినేసింది వేరే. నిజంగా తను పిలిచిందా? మొదటి యేడు, నా నోరు నాకు తెలియదా, పిలిచాననే అనుకుంది. రెండో యేడు, మనసులో అనుకుని నోటితో అనలేదేమో అనిపించింది. తర్వాత్తర్వాత ఆ వరండా గుర్తొస్తే చెప్పులు కనిపించేవి గానీ తన గొంతు వినిపించేది కాదు. ఆకలికి పడిపోయిన పిల్లాడు అబద్ధం ఎందుకాడతాడు? పిలవలేదన్నమాటే. అప్పట్నుంచి ప్రతిదీ రెండేసిసార్లు అడగడం అలవాటైంది. పెళ్లివంటల్లో ఉప్పేశానా అని పక్కవాళ్లను అడిగితే వాళ్లు నవ్వుకునేవారు. దసరానాడు ముక్క నోట్లో పెట్టుకుంటే గొంతు దిగేది కాదు.

ఇస్తారి కనపడితే ఒకటే అడగాలి. బిడ్డా, ఆనాడు నేను పిలిచిన్నా లేదా? పిలవలేదంటే వాడి రెండు చేతులూ పట్టుకుని మాఫ్ చెయ్యమనాలి. రైలు బెల్లంపల్లి దాటేదాకా ఆ మాటే ముందుకూ వెనక్కూ చెప్పుకుంది.

మందమర్రి స్టేషనుకు విజయేందర్ బండి తెచ్చాడు. బొగ్గుబాయి క్వార్టర్ల సందుల్లో తిప్పి తిప్పి ఒక ఇంటి ముందు దింపాడు. ముందు షామియానా, కింద చాపలు, అటూ ఇటూ ఉరుకుతున్న పిల్లలు. గంగుబాయి కొంగు నడుముకు చుట్టి నేరుగా వెనక పొయ్యి దగ్గరికి పోయింది. అక్కడ గిన్నెలన్నీ దించి, మూతలు పెట్టి ఉన్నాయి.

"గిదేంది? వంటైపాయె. ఇగ నన్నెందుకు పిలిచినవ్‌రా?"

"తింటానికవ్వా" అన్నాడు విజయేందర్.

ఆమెకు ఏం చెయ్యాలో తోచలేదు. చేతిలో డబ్బా ఎక్కడ పెట్టాలో కూడా తెలియలేదు. ఉత్త చేతులతో కూర్చోవడం ఆమెకు చేతగాని పని. ఒక గిన్నె మూత తీసి, గరిటెతో కాస్త పులుసు అరచేతిలో పోసుకుని నాకింది. "ఉప్పు జర తక్కువైంది" అంది. పొయ్యి దగ్గరున్న పిల్ల, ఆ ఇంటి ఇల్లాలు ప్రవళిక, మారుమాట లేకుండా ఉప్పు డబ్బా అందించింది.

అప్పుడే ఇంట్లోంచి ఒకాయన బయటకొచ్చాడు. లావుపాటి మనిషి, చొక్కా గుండీలు పొట్ట దగ్గర మొరాయిస్తున్నాయి. చేతిలో జమ్మి ఆకు. ఆమె పోల్చుకోలేదు. అతను వంగి కాళ్లకు మొక్కి, ఆకు చేతిలో పెట్టి తల ఎత్తాక, ఆ కళ్లు చూసి పోల్చుకుంది. ఇది ఇస్తారి ఇల్లని విజయేందర్ ఒక్క మాట కూడా చెప్పలేదు.

ఇంత తిండి తినే ఇంట్లో ఉన్నాడు కదా అని మొదట సంతోషమైంది. ఆ వెనకే భయమైంది. రైల్లో అన్నిసార్లు చెప్పుకున్న మాట నాలుక మీదికి రాలేదు.

"బిడ్డా, నిన్నొకటి అడగాలె" అంది ఎట్లాగో.

"నేను గూడ ఒకటి చెప్పాలె అవ్వా. అందరి ముంగట చెప్త. కూసుందువు రా" అన్నాడు. అతని మొహంలో నవ్వు లేదు.

అందరి ముందా? అంటే పంచాయితీ పెడతారన్నమాట. పిలిపించింది అందుకేనన్నమాట. పెట్టనీ, ఆ పిల్లాడికి ఆ మాత్రం హక్కుంది అనుకుంటూ గంగుబాయి చాప మీద కూర్చుంది.

ఆరుగురు దోస్తులు వరసగా కూర్చున్నారు. ఎదురుగా భార్యలు, పిల్లలు. అందరి ముందూ విస్తళ్లు, విస్తళ్లలో అన్నం, మటన్. ఎవరూ తినడం లేదు. వీళ్లకొక ఆనవాయితీ ఉంది. ఇస్తారి ఆకలికి పడిపోయిన మరుసటి యేడు, మనలో ఎవరూ దసరా పండుగకు ఒంటరిగా ఉండొద్దని వీళ్లు ఒట్టు పెట్టుకున్నారు. అప్పట్నుంచి ఏటా ఒకరింట్లో దావత్. తినేముందు ఆ ఇంటి యజమాని ఆ దసరా కథ చెప్పాలి. ఏటేటా చెప్పీ చెప్పీ అది నవ్వుల కథైపోయింది. అందులో గంగుబాయి పేరు తాళమవ్వ. ఆ పేరు ఆమె చెవిన కూడా పడింది. కాగజ్‌నగర్ అంత పెద్ద ఊరేం కాదు.

"ఈసారి కథ వద్దుతియ్‌రా" అన్నాడు విజయేందర్, ఓరకంట ఆమెను చూస్తూ.

"ఈసారే చెప్పాలె. అవ్వను పిలువమన్నది గందుకే" అని ఇస్తారి లేచి నిలబడ్డాడు. "మీకందరికి ఎరికున్న కథ తప్పు. నేనే తప్పు చెప్పిన."

ఇస్తారి మొదట్నుంచి చెప్పసాగాడు.

"నన్ను కన్న అవ్వ సచ్చి అప్పటికి ఏడాది. బాపు మస్కట్‌ల ఉండె. బాపు తమ్ముడు, మా కాకోళ్లింటికి పోతే, పండుగ పేరు మీద తింటానికొచ్చినవా అన్నట్టు సూస్తరు. మీరేమో ఇంటికాడ ఏమేం వండుతరో చెప్పుకుంట బ్యాగులు సదురుకుంటుండ్రి. నాకు పోయెటందుకు ఇల్లు లేదని మీకెట్ల చెప్పాలె? నేను గూడ సదురుకున్న. మీరు బస్సెక్కినంక మల్లొచ్చి రూంల తలుపేసుకున్న."

ఇస్తారి గంగుబాయి వైపు తిరిగాడు.

"తెల్లారి అవ్వ మా రూం ముంగట ఆగింది. నా చెప్పులు గుర్తువట్టింది. 'ఇస్తారీ, లోపల ఉన్నవా బిడ్డా?' అన్నది. పేరు వెట్టి పిలిచింది. నేను ఊపిరి బిగవట్టుకున్న. 'బిడ్డా ఇస్తారీ' అని ఇంకోపారి పిలిచింది. తలుపు తీస్తే పండుగకెందుకు పోలేదని అడుగుతది. ఏమని చెప్పాలె? మీరు ఇడిసిపెట్టిపోయిన అటుకులు రెండు పూటలు తిన్న. బజారుకు పోతే ఎవలన్న సూస్తరని సిగ్గు. తర్వాత జ్వరమొచ్చింది. సార్ అడిగినప్పుడు, పిలిచిందంటే మరి నువ్వెందుకు పలుకలేదంటడని, లేదన్న. ఒక్క మాటతోని పోతదనుకున్న. అవ్వ నౌకరి పోతదనుకోలే. తెలిసినంక గూడ నోరు తెరువలే. మీరు తాళమవ్వ అని నవ్వినప్పుడల్లా నేను గూడ నవ్విన."

గంగుబాయికి మొదట వినిపించింది ఇదంతా కాదు. తన గొంతు వినిపించింది. పన్నెండేళ్లుగా ఎంత వెతికినా దొరకని గొంతు. ఇస్తారీ, లోపల ఉన్నవా బిడ్డా. అవును, పేరుతోనే పిలిచింది. ఎవరన్నా ఉన్నారా అని కాదు. తనే అంత తక్కువ చేసి గుర్తు పెట్టుకుంది. గుండెల మీది బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టైంది. ఎత్తాక గానీ దాని బరువెంతో తెలియలేదు. తెలిశాక కోపమొచ్చింది. గంగుబాయికి ప్రేమ తెలుగులోనూ కోపం మరాఠీలోనూ వస్తుంది. ఆ మరాఠీకి ఎదురుగా ఉన్న ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఇస్తారి చేతులు జోడించాడు. "మాఫ్ చెయ్యి అవ్వా."

"నేను మాఫ్ చేస్తనేమో. మా ముసలోనికెవలు చెప్తర్‌రా?" అందామె తెలుగులోకి వచ్చి. "సచ్చేదాక, పోరన్ని మాడ్పినవని దెప్పిండు. నేను నిజమే కావచ్చనుకున్న. ఆయన గట్లనే అనుకుంట పోయిండు. గిప్పుడు పోయి ఎవలు చెప్తరు?"

విజయేందర్ తల వంచుకున్నాడు. కథ చెప్పి అందర్నీ ఎక్కువగా నవ్వించింది అతనే. విస్తళ్లలో అన్నం చల్లారిపోతోంది. చివర్న కూర్చున్న చిన్నపిల్ల ఒకతె తల్లి చెవిలో ఏదో అంటే, తల్లి ఉష్ అంది.

అది గంగుబాయి చూసింది. ముప్పై ఏళ్లు పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి దేన్నయినా ఓర్చుకుంటుంది గానీ, ముందు అన్నం పెట్టుకుని ఆకలితో కూర్చున్న పిల్లను ఓర్చుకోలేదు.

"పిల్లలను తిననియ్యుర్రి" అంది గట్టిగా. "మీరు గూడ తినుర్రి. నా కోపం యాడికి పోదు."

అందరూ భయంభయంగా చేతులు కదిపారు. ఇస్తారి ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఆమె తన విస్తరి ముందు కాస్త జరిగి పక్కన చోటు చూపించింది.

"కూసో. ఉపాసమున్నోన్ని తిట్టబుద్ధి కాదు నాకు. ముందుగాల తిను. తిన్నంక తిడ్త."

ఇస్తారి కూర్చున్నాడు. ఆమె పక్కనున్న గిన్నె లాక్కుని, అడక్కుండానే అతని విస్తట్లో వేస్తూ పోయింది. తనూ తిన్నది. రెండోసారి కూర వేయించుకుని తిన్నది.

అన్నట్టుగానే చేతులు కడుక్కున్నాక తిట్టింది. సాయంత్రం రైలు టైమయ్యేదాకా తిట్టింది. ఇస్తారి ఒక్క మాటకూ అడ్డం చెప్పకుండా ఎదురుగా కూర్చున్నాడు. నడుమ నడుమ ఆమె తిట్లు ఆపి, "నేనెట్ల పిలిచిన్నో మల్లొకసారి చెప్పు" అనేది. ఆమె అడిగినప్పుడల్లా అతను చెప్పాడు.