అన్సెల్మ్ బండకి నంబరెంత

మా తమ్ముడు అన్సెల్మ్ ఒక బండ ఎక్కడానికి ఐదు చలికాలాలు పెట్టాడు. ఏ పర్వతమో అనుకునేరు. మా వంటింటి కప్పుకన్నా మూరెడు ఎక్కువ ఎత్తు, అంతే. ఫాంతెన్‌బ్లో అడవిలో, రోడ్డుకి అరగంట నడక లోపల, ఇసుక మీద ఒరిగి పడి ఉంటుంది. దాని కడుపు కింద కూర్చుని మొదలుపెట్టి, వెల్లకిలా వేలాడుతూ అంచుదాకా పాకి, పైకి లేచి నిలబడాలి. తాడు ఉండదు. కింద పరుపులు, ఆ పరుపుల పక్కన చేతులు చాచుకుని నేను.

నాకు యాభై ఆరేళ్ళు. ఒకప్పుడు నేనూ ఎక్కినదాన్నే, ఈ అడవిలో కొన్ని బండలకి, ఎక్కడం ఎంత కష్టమో చెప్పే మొదటి నంబరు పెట్టింది నేనే. ఇప్పుడు నా పనల్లా, వాడు పడితే తల రాయికి కొట్టుకోకుండా వీపు పట్టి పరుపు మీదికి నెట్టడం. రాయి చల్లగా, పొడిగా ఉంటేనే వేళ్ళకి పట్టు దొరుకుతుంది కాబట్టి ఈ పిచ్చి పనంతా ఎముకలు కొరికే చలిలోనే. ఐదేళ్ళుగా నా ఆదివారాలన్నీ అక్కడే తగలబడ్డాయి. నిజం చెప్పొద్దూ, విసుగెత్తిపోయింది. ఆ బండ ఎక్కాలని వాడికన్నా నాకే ఎక్కువ ఆత్రంగా ఉండేది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఎక్కాడు.

ఆ రోజు వాడికీ ఓపిక లేదు. వేలి కొన చీలితే టేపు చుట్టుకున్నాడు.

"ఈ ఒక్కసారే అక్కా, తర్వాత పోయి వేడిగా ఏదైనా తాగుదాం" అన్నాడు.

బూట్ల అడుగులు పాత పట్టా ముక్క మీద తుడుచుకుని, చేతులకి సుద్దపొడి రాసుకుని కూర్చున్నాడు. వాడి స్నేహితుడు లూబిన్ ఎప్పటిలాగే అవతలి పక్క కెమెరా పట్టుకుని నిలబడ్డాడు. అంచు అందుకునే చోట కాళ్ళు రెండూ రాయిని వదిలేస్తాయి, ఒళ్ళంతా ఉయ్యాలలా బయటికి ఊగుతుంది. ఐదేళ్ళూ వాడు పడింది అక్కడే. ఈసారి పడలేదు. నా వైపు ఊగి, వెనక్కి వెళ్ళి, మడమ అంచు మీద వేసి పైకి లేచాడు.

ఊగినప్పుడు వాడి స్వెటర్ నా అరచేతికి రాసుకుంది. ఉన్ని గరుకు తెలిసింది. దాని వెనక వీపు బరువు, రవ్వంతే, అదీ తెలిసింది.

బండలెక్కేవాళ్ళలో ఒక నియమం ఉంది. ఎక్కేవాడికి రాయి తప్ప ఇంకేదీ తగలకూడదు. పరుపు తగిలినా, పట్టుకునేవాళ్ళ చెయ్యి తగిలినా అది ఎక్కినట్టు కాదు, మళ్ళీ మొదటినుంచీ ఎక్కాల్సిందే. ఎవరూ చూడకపోయినా అంతే.

ఎవరూ చూడలేదు, లూబిన్ కెమెరాకి నా చెయ్యి వాడి ఒంటి చాటున పడింది. నలభై మూడేళ్ళ మగాడు బండ మీద బోర్లా పడి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

"అక్కా, అయిపోయిందే! అయిపోయింది!"

నేను వంగి పరుపులు మడవడం మొదలుపెట్టాను.

మియ్యీ ఊళ్ళో మేమెప్పుడూ ఆగే కఫేలో కూర్చున్నాం. మొదట ఎక్కినవాళ్ళే బండకి పేరు పెడతారు, ఎంత కష్టమో నంబరూ వాళ్ళే చెబుతారు. తర్వాత వచ్చేవాళ్ళంతా ఆ నంబరుతోనే తమని తాము కొలుచుకుంటారు. అన్నిటికన్నా పెద్దది తొమ్మిది-ఎ. ప్రపంచం మొత్తం మీద అలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

"చెప్పెయ్ గురూ, తొమ్మిది-ఎ అని!" అన్నాడు లూబిన్. "పెళ్ళికొడుకులా ఆ సిగ్గేంటి?"

"ఏమోరా. మొదలుపెట్టినప్పుడు నాకు ముప్పై తొమ్మిది. బండే అంత కష్టమా, నేనే ముసలాణ్ణయ్యానా, ఎలా తెలుస్తుంది? పేరు మాత్రం పెట్టేశా. 'సొలెన్ మోకాళ్ళు'."

సొలెన్ అంటే నేనే, ఐదేళ్ళూ ఆ చలిలో మోకాళ్ళు పట్టేశాయని సణిగినదాన్ని. లూబిన్‌కి నవ్వుతో కాఫీ కొరబోయింది.

"నంబరు అక్క చెబుతుంది" అన్నాడు అన్సెల్మ్ నా వైపు తిరిగి. "కింద నుంచి ప్రతిసారీ చూసింది. నువ్వెంతంటే అంతే అక్కా."

ఒక్క అంకె చెబితే చాలు, నా ఆదివారాలు నాకొచ్చేస్తాయి. వాడి ఐదేళ్ళూ వాడికి దక్కుతాయి. కానీ ఆ అంకె నమ్మి ఎక్కడినుంచో ఎవరో వచ్చి ఆ రాయి మీద వేళ్ళు చీల్చుకుంటారు. పైగా వాడు అడిగింది నన్ను.

"ఎక్కని బండకి నంబరెలా పెట్టన్రా?"

ఇద్దరూ నన్నే చూశారు.

"ఊగినప్పుడు నా చేతికి తగిలావు."

"స్వెటర్ తగిలుంటుంది" అన్నాడు లూబిన్. "ఉన్నికి కూడా లెక్కేంటి అక్కా! మెట్రోలో ఇంతకన్నా ఎక్కువ తగుల్తారు జనం. వదిలేద్దూ."

అన్సెల్మ్ వాడి మాట వినిపించుకోలేదు.

"స్వెటరా, వీపా?"

"వీపు."

"అక్కడే చెప్పుండాల్సింది."

"నువ్వు ఏడుస్తున్నావు. చెప్పలేకపోయాను."

అరిచినా బాగుండేది. కప్పు మెల్లగా కింద పెట్టి, కోటు వేసుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత వానలు పట్టుకున్నాయి, ఆ వెనకే ఎండలు వచ్చాయి. వాడు ఫోన్ చెయ్యలేదు. అమ్మ పుట్టినరోజు భోజనంలో సలాడ్ గిన్నె ఇటివ్వమని కూడా పక్కవాళ్ళ చేత అడిగించాడు. నేను ఆదివారాలు పొద్దెక్కేదాకా పడుకున్నాను, సంతకెళ్ళి తీరిగ్గా చీజ్ కొనుక్కున్నాను. హాయిగా ఉంది అనడానికి సిగ్గేస్తుంది గానీ, హాయిగానే ఉంది. తమ్ముడు లేని లోటు మాత్రం గుండెల్లో ముల్లులా ఉండేది.

నవంబరులో పొడిచలి పడ్డ ఒక ఆదివారం పొద్దున్నే గంట మోగింది. వీపు మీద పరుపు మోసుకుని గుమ్మంలో అన్సెల్మ్.

"లూబిన్ ఏమయ్యాడు?" అన్నాను.

"ఉన్నాడు. పోయిన వారం వాడే పట్టుకున్నాడు."

"మరి?"

"పైదాకా వెళ్ళాను."

"ఎక్కావా!"

"ఏమో." వాడు తలుపు చట్రం వైపు చూస్తున్నాడు. "ఊగినప్పుడు ఏదో తగిలినట్టనిపించింది. చలికి ఒళ్ళు మొద్దుబారిపోయి సరిగ్గా తెలీలేదు. వాణ్ణి అడిగితే ఏం తగల్లేదన్నాడు."

"లేదన్నాడుగా మరి."

"తగిలినా వాడు అదే అంటాడు అక్కా."

నాకు ఏడుపొచ్చింది. కొంత వాడి మీద ప్రేమతో, ఎక్కువగా నా ఆదివారాలు తలుచుకుని.

"లోపలికొచ్చి తలుపెయ్, చలి" అన్నాను. "మందం సాక్సులు ఎక్కడ పడేశానో వెతుక్కోవాలి."