ఎడమ పక్క జింక

పాత సామాన్ల బండివాడు వాకిట్లో నిలబడి సైకిల్ని కాలితో తన్ని చూశాడు. సువార్తకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"కాలు తియ్యప్పా" అంది. "అది అమ్మేది కాదు."

అమ్మేస్తానని వాణ్ణి పిలిచింది నాయన జాకబే. ఆయన గడప మీద కూర్చుని చూస్తున్నాడు. పదేళ్ళుగా చూరు కింద తుప్పు పట్టి, చైను బిగుసుకుపోయి, కోళ్ళు ఎక్కి పడుకునే సైకిలు అది.

సువార్త కుందుర్పిలో రేడియం స్టిక్కర్ల కొట్టు నడుపుతుంది. ఆటోల వెనక పేర్లు, ట్రాక్టర్ల మీద దేవుళ్ళు, లారీల మీద దిష్టి బొమ్మలు, ఏది కావాలన్నా మిషన్ మీద కోసి అతికిస్తుంది. ఊరందరి బండ్లకూ సోకులు చేసే మనిషి ఇంట్లో బండి ఇట్లా పడి ఉంటే తల కొట్టేసినట్టుండదా! ఆ సాయంత్రమే చక్రాలు ఊడదీసి, ఫ్రేమును కిరసనాయిలుతో కడిగి, ఉప్పుకాగితం పట్టుకుని కూర్చుంది.

తుప్పు రాలేకొద్దీ పాత రంగు బయటపడింది. నిండు ఆకుపచ్చ. ముందు రాడ్డుకు కుడి పక్కన కంపెనీవాళ్ళ బొమ్మ ఇంకా నిలిచి ఉంది. బంగారు రంగు జింక, నాలుగు కాళ్ళూ గాల్లో పెట్టి పరిగెత్తుతోంది. ఎడమ పక్క మాత్రం తుప్పు కింద బొమ్మా లేదు, రంగూ లేదు. వట్టి ఇనుము, నున్నగా అరిగిపోయి ఉంది.

"ఈ పక్కంతా ఎందుకు ఇట్ల అరిగింది నాయనా?"

"నా నడుము రాసుకోని" అన్నాడు జాకబ్ మామూలుగా. "దిగి నడిపించుకోని పోతే అంతే కదమ్మా."

ఆమెకు తెలియనిదేం కాదు, చిన్నప్పుడు కళ్ళారా చూసిందే. జాకబ్ కుందుర్పి హైస్కూల్లో ముప్పై ఏళ్ళు అటెండరు. వాళ్ళ పాలెం నుంచి తారురోడ్డు ఎక్కాలంటే ఊరి పెద్ద వీధి దాటాలి, వేరే దారి లేదు. వీధి మొదట్లో ఒక బండరాయి. పాలెంవాళ్ళు ఎవరైనా ఆ రాయి దగ్గర సైకిలు దిగాలి. చెప్పులు విప్పి హ్యాండిలుకు తగిలించాలి. గంట మోగకుండా గుడ్డ చుట్టాలి. వీధి దాటాకే మళ్ళీ ఎక్కాలి.

ఆ రివాజు ఇప్పుడు లేదు. సువార్త రోజూ అదే వీధిలో హారన్ కొట్టుకుంటూ స్కూటీ మీద పోతుంది, ఎవరూ కిక్కురుమనరు. కానీ నాయన మాత్రం ఆమె వెనక కూర్చున్నా సరే, రాయి కనబడగానే "ఆపమ్మా" అని దిగిపోతాడు. వీధంతా నడిచే వస్తాడు. ఎన్నిసార్లు పోట్లాడిందో లెక్కలేదు. "అలవాటైపోయింది లేమ్మా" అంటాడు. ఆ మాట వింటేనే ఆమెకు ఒళ్ళు మంట.

కుడి పక్క జింక మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో అచ్చు దించుకుంది. తర్వాత ఫ్రేమంతా గీకి, రెండు పూతలు ప్రైమరు, మూడు పూతలు ఆకుపచ్చ రంగు వేసింది. కొట్లో బంగారు రంగు షీటు మీద జింకలు రెండు కోసుకొచ్చింది. రాడ్డు మీద సబ్బునీళ్ళు చల్లి, కుడి పక్కది ఆనించి, అటూ ఇటూ జరిపి సరిచూసి, పాత ఏటీఎం కార్డుకు గుడ్డ చుట్టి నీళ్ళను బయటికి నెట్టింది. రెండోది ఎడమ పక్క పెట్టి నాలుక కరుచుకుంది. రెండింటినీ ఒకే తీరుగా కోసేసింది. ఈ పక్క జింక సీటు వైపు పరిగెత్తుతోంది. ఎన్ని వందల ఆటోలకు స్టిక్కర్లు వేసిన చెయ్యి అది!

"ఎనక్కి పోతే పోనీలేమ్మా" అన్నాడు జాకబ్. "ఆ పక్క అసలు అంటించొద్దు. మళ్ళా నా నడుముకు రాసుకోని అరిగిపోతాది. దండగ."

సువార్త చేతిలో కార్డు ఆగిపోయింది. అంటే ఈయన మళ్ళీ నడిపించుకుంటూ పోవడానికే సిద్ధంగా ఉన్నాడన్నమాట. ఇన్నాళ్ళు చేతులు పుండ్లు పడేలా గీకింది ఆ రాయి దగ్గర దిగడానికా? ఏడుపొచ్చింది. ఏడుపు కంటే ముందు కోపమొచ్చింది.

"అరిగితే తొక్కి తొక్కి నీ తొడ రాసుకోని అరగల్ల నాయనా, నడుము రాసుకోని కాదు" అంది. "నీ జింక ముందుకే పోతాది."

ఆ స్టిక్కరు పీకి పారేసి, కొట్టుకు పోయి, జింకను తిరగేసి ఇంకోటి కోసుకొచ్చి అతికించింది. చక్రాలు బిగించి, చైనుకు నూనె పోసి, గంటకున్న పాత గుడ్డను విప్పి పొయ్యిలో వేసింది.

ఆదివారం పొద్దున జాకబ్ తెల్ల చొక్కా వేసుకుని, సైకిలెక్కి చర్చికి బయల్దేరాడు. డెబ్బై దాటినా తొక్కుడు మరిచిపోలేదు. సువార్త వెనకాలే నడిచింది. రాయి దగ్గరికి రాగానే ఆయన కాలు దానంతటదే కిందికి దిగింది. వంగి చెప్పుల మీద చెయ్యి వేశాడు.

ఎదురు అరుగు మీద నరసింహులు కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు అక్కడే వాళ్ళ నాయన కూర్చుని ఎవరు దిగారో ఎవరు దిగలేదో చూసేవాడు. నరసింహులు మంచిగానే నవ్వాడు.

"ఏమప్పా జాకబూ, ఇంగా దిగుతాండావేమి? కాలం మారింది. నేను చెప్తాండా కదా, ఎక్కి పో."

వంగినవాడు నిటారుగా లేచాడు. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

"మీ నాయన దిగమంటే దిగినా" అన్నాడు జాకబ్. "ఇప్పుడు నువ్వు ఎక్కమంటే ఎక్కల్లనా?"

జాకబ్ సైకిలును పాలెం వైపు తిప్పాడు. ఇంటికే పోతున్నాడనుకుంది సువార్త. అంతా అయిపోయిందనుకుంది.

పాలెం మొదట్లో ఆయన ఆగాడు. సైకిలు మళ్ళీ ఊరివైపు తిప్పాడు. ఎక్కాడు. గంట కొట్టుకుంటూ వచ్చాడు, రాయి దాటాడు, అరుగు దాటాడు. కొళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలతో సహా పక్కకు జరిగారు. వీధి చివరిదాకా పోయి, తారురోడ్డు ఎక్కకుండా వెనక్కి తిరిగాడు. ఆ చివర నుంచి ఈ చివరికి మళ్ళీ గంట. మూడోసారికి నరసింహులు లేచి లోపలికి పోయాడు.

సువార్తకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఎదురుపోయి చెయ్యి అడ్డం పెట్టింది.

"సాలు నాయనా. ఆరాధనకు టైమైతాంది."

"నువ్వు పోమ్మా" అన్నాడు జాకబ్, కాలు కింద పెట్టకుండానే ఆమె చుట్టూ తిరిగి. "ముప్పై ఏండ్లు నడిచిన ఈది ఇది. నేనింకా కొంచేపు తొక్కల్ల."