కగ్వామాల కోసం పోయినవాడు

మా తమ్ముడు ఫెర్మీన్ చర్చిలో గ్వాదలూపె తల్లి ముందు మోకరిల్లి ఒట్టు వేశాడు, మళ్ళీ ఆ తల్లి పండగ వచ్చేదాకా చుక్క ముట్టనని. మా వైపు మగవాళ్ళు తాగుడు మానాలంటే డాక్టరు దగ్గరికి పోరు, ఫాదరు దగ్గరికి పోయి ఇలాగే ఒట్టు వేస్తారు. అతని భార్య ఎలీదా ఆ రోజు చర్చి మెట్ల మీదే చెప్పింది: "ఇది తప్పిన రోజు మెరీదాలో మా అన్న ఇంటికి పోతాను. వెతుక్కుంటూ రావద్దు." ఎలీదా అన్నదంటే చేస్తుంది.

పండగ ఇంకా మూడు నెలలుందనగా ముగ్గురం దీవికి వచ్చాం. ఊళ్ళో మా చేలో మొక్కజొన్న కంకులు ముదురుతున్నాయి, అవి ఎండేందుకు కర్రలు వంచడానికి ఇంకా వ్యవధి ఉంది. సముద్రం చూడాలని ఎలీదాకు ఎప్పటినుంచో కోరిక.

రెండో రోజు మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి ఫెర్మీన్ లేడు. మేము దిగిన ఇంటావిడ పెరట్లో చేప తోముతోంది.

"మీ ఆయనా? కగ్వామాల కోసం పోయాడమ్మా, దీవి ఆ కొసకి. విల్బెర్త్ దగ్గర బాగుంటాయని నేనే చెప్పి పంపాను."

మా ఊళ్ళో కగ్వామా అంటే ఒకటే. ఇద్దరు ముగ్గురు పంచుకు తాగే పెద్ద బీరు సీసా.

ఎలీదా గదిలోకి పోయి బట్టలు మడత పెట్టసాగింది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"ఆగమ్మా. తాగదలుచుకున్నవాడు ఇంటావిడకు చెప్పి పోతాడా?"

"మీ తమ్ముడు చెప్పే పోతాడు బావగారూ. చాటుగా ఎప్పుడు తాగాడు గనక?"

అది నిజమే. "అయినా వాడు తాగడు," అన్నాను.

"మీకెట్లా తెలుసు?"

"తెలుసు."

ఆమె బట్టలు పక్కన పెట్టింది. "సరే. పడవకు ఇంకా టైముంది. నా కళ్ళతో చూసే పోతాను."

టాక్సీ ఎక్కాం. డ్రైవరు మాటకారి.

"విల్బెర్త్ దగ్గరికా? మంచి రోజున వచ్చారు. తొట్లనిండా ఉన్నాయి కగ్వామాలు."

"తొట్లలోనా?" అంది ఎలీదా.

"మరి ఈ ఎండకు నీళ్ళలో పెట్టకపోతే ఎట్లాగమ్మా? చిన్నవైతే ఒంటి చేత్తో ఎత్తొచ్చు. పెద్దది ఒకటుంది, దాన్ని కదపాలంటే నలుగురు పట్టాల్సిందే."

"నలుగురు," అంది ఎలీదా నాతో. నేను రోడ్డు వైపు చూశాను.

"ఇంతకూ అక్కడికి ఎవరెవరు పోతారు?"

"పసిపిల్లలే ఎక్కువ. బడినుంచి వరస కట్టించి మరీ తీసుకొస్తారు."

ఎలీదా గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది.

దిగి లోపలికి పోయాం. సిమెంటు తొట్లు వరసగా ఉన్నాయి, నడుం ఎత్తు గోడలు. మొదటి తొట్టి నీళ్ళలో ఎర్రమట్టి రంగు డిప్పతో ఒక తాబేలు తిరుగుతోంది. తల గుమ్మడికాయంత ఉంది. గోడ మీద నీలం రంగుతో రాసింది కూడబలుక్కుని చదివాను: కగ్వామా.

ఎలీదా కూడా చదివింది. తొట్టి గట్టు పట్టుకుని వంగి చూసింది.

"వీళ్ళు కగ్వామా అని తాబేలును అంటారన్నమాట," అంది.

నేను ఊఁ అన్నాను.

వెనక ఇసుకలో తాడు కట్టారు. దాని ఇవతల, తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదలడానికి వచ్చినవాళ్ళు మోకాళ్ళ మీద వరసగా కూర్చున్నారు. విల్బెర్త్ అనే ముసలాయన ఒక్కొక్కరి అరచేతులూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తున్నాడు. ఎండకు రాసుకునే క్రీములు, దోమల మందులు అప్పుడే పుట్టిన పిల్లలకు పడవట. తాబేలు పిల్లలున్న చిన్న తొట్టె ఫెర్మీన్ చేతుల్లో ఉంది.

"ఈయన చేతులు చూడండి," అంటున్నాడు విల్బెర్త్ అందరితో. "మట్టి వాసన తప్ప ఇంకేం లేదు. అందుకే తొట్టె ఈయనకిచ్చాను. మీరంతా బజారు వాసన కొడుతున్నారు."

ఫెర్మీన్ మమ్మల్ని చూశాడు. ముందు నవ్వాడు. తర్వాత ఎలీదా మొహం చూశాడు, నవ్వు ఆగిపోయింది. తొట్టె విల్బెర్త్‌కిచ్చి వచ్చాడు.

"దేనికొచ్చావు?"

"చూద్దామని."

"తాగానేమోననా?"

ఆమె తొట్టె వైపు చూసింది. ఫెర్మీన్ వంగి, ఆమె ముక్కు ముందు నోరు తెరిచాడు. "చూడు మరి. ఆయన చేతులు చూశాడు, నువ్వు నోరు చూడు."

వరసలో కూర్చున్నవాళ్ళు తలలు తిప్పారు. ఎలీదా మొహం పక్కకు తిప్పుకుంది. "అక్కర్లేదు."

"ముందు మీరు కూర్చోండమ్మా," అన్నాడు విల్బెర్త్. వచ్చి ఆమె చేతులు వాసన చూసి మొహం చిట్లించాడు. "మల్లెపూల సెంటు. ఇసుకతో రుద్దుకుని రండి."

ఎలీదా మోకాళ్ళ మీద కూలబడి తడి ఇసుక తీసుకుని రుద్దుకోసాగింది. ఫెర్మీన్ పక్కన నిలబడ్డాడు.

"పండగ అయిపోయాక ఏం చేస్తావు?" అంది, తల ఎత్తకుండా.

"తాగను."

"మళ్ళీ ఒట్టు వేస్తావా?"

"వెయ్యను. ఒట్టుంటే నువ్వు నా వెనకాలే కాపలా తిరుగుతావు. ఊరికే మానేస్తాను."

ఆమె చేతులు ఆగాయి. ఊరికే అన్న మాటను ఆమె అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నట్టు అనిపించింది నాకు. చేతులు దులుపుకుని రెండూ అతని ముందు చాపింది.

"పోయిందా?"

ఫెర్మీన్ వంగి వాసన చూశాడు. తొందరపడలేదు. "ఇంకా ఉంది," అని తనే పిడికెడు ఇసుక తీసుకుని ఆమె వేళ్ళ సందుల్లో రుద్దడం మొదలుపెట్టాడు.

నేను తాడు దగ్గరికి పోయి నాకు జాగా చూసుకున్నాను.